పిండి కొద్దీ రొట్టె, పొయ్యి కొద్దీ మెనూ

కాస్త పెద్ద ఊరు ఏదైనా సరే, బస్టాండుకు కూతవేటు దూరంలో ‘ఫ్యామిలీ రెస్టారెంట్’ అన్న బోర్డు ఒకటి కనిపిస్తుంది. లోపల పది పన్నెండు బల్లలు, ఒక ఏసీ, గోడకు టీవీ, చేతికి లామినేషన్ చేసిన మెనూ కార్డు. సూపులు, స్టార్టర్లు, తందూరి, చైనీస్, నార్త్ ఇండియన్ కూరలు, డజను రకాల బిర్యానీలు, చివర్లో ఐస్‌క్రీములు. లెక్కపెడితే నూట యాభైకి తగ్గవు. తిని బయటికొచ్చేవాళ్ల మాటలు మాత్రం ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. ఆర్డరిచ్చి ముప్పావుగంటైనా రాలేదు, వచ్చింది చల్లారిపోయింది, రెండు కూరలు తెప్పిస్తే రెండూ ఒకే రుచి, మంచినీళ్లు మూడుసార్లు అడిగితే గానీ పలకలేదు. ఓనరు కక్కుర్తి అనో, మాస్టరు చేతగానితనం అనో, సర్వరు నిర్లక్ష్యం అనో తీర్పు చెప్పేసి ఇంటికి వెళ్లిపోతాం. అవీ ఉండొచ్చు. కానీ వాటన్నిటికన్నా ముందున్న తప్పు ఆ కార్డులోనే ఉంది. వంటగది మోయలేనంత మెనూ పెట్టుకోవడమే చిన్న హోటల్లో వంటనూ వడ్డననూ ఒకే దెబ్బకు చెడగొడుతోంది.

ఒక లెక్క వేద్దాం. పన్నెండు బల్లలు, నాలుగు పొయ్యిలు ఉన్న హోటల్ అనుకోండి. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు బల్లలన్నీ నిండాయి. బల్లకు ఐదు రకాల చొప్పున అరవై ఆర్డర్లు. దేనికది విడిగా బాణలి పెట్టి చేయాలంటే ఒక్కోదానికి ఆరు నిమిషాలైనా పడుతుంది. అరవై ఆర్లు మూడు వందల అరవై నిమిషాలు. నాలుగు పొయ్యిలకు పంచితే గంటన్నర. అంటే ఆఖరి బల్లకు భోజనం పది గంటలకు గానీ రాదు. పిల్లలతో వచ్చినవాళ్లు అంతసేపు కూర్చోరు గనక హోటల్‌వాళ్లకు మిగిలే దారి ఒక్కటే, సగం వంట ముందే అయిపోవాలి. చికెన్ పొద్దున్నే ఉడికి ఫ్రిజ్‌లోకి వెళుతుంది, గోబీ ఒకసారి వేగి రెండో వేపుడు కోసం ఎదురుచూస్తుంది, నూడుల్స్ ఉడికి నూనె పట్టించుకుని పళ్లెంలో పడుంటాయి. కాబట్టి ఆలస్యం, నిలవ వాసన అనేవి రెండు వేర్వేరు ఫిర్యాదులు కావు. అప్పటికప్పుడు వండితే ఆలస్యం, ముందే వండితే నిలవ. నూట యాభై రకాలు రాసుకున్న చిన్న వంటగదికి ఈ రెండింటిలో ఒకటి ఎప్పుడూ తప్పదు.

రెండు కూరలకు ఒకే రుచి రావడం వెనుక ఉన్నదీ ఇదే. ఉల్లిపాయ, టమాటాలతో ఒక ఎర్ర గ్రేవీ, జీడిపప్పుతో ఒక తెల్ల గ్రేవీ ముందే చేసి ఉంచుకోవడం హోటల్ వంటలో మామూలే. పెద్ద హోటళ్లూ అదే చేస్తాయి, అందులో తప్పు లేదు. ఆ రెండు గ్రేవీల మీద పాతిక పేర్లు మొలిపించడం దగ్గరే మోసం మొదలవుతుంది. పైన క్యాప్సికం ముక్కలు పడితే కడాయి, వెన్న పడితే బటర్ మసాలా, కారం పెంచితే కొల్హాపురి, క్రీము పోస్తే షాహీ. బిర్యానీ కథ ఇంకా స్పష్టం. హైదరాబాదీ కచ్చి దమ్ బిర్యానీ అంటే మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన అన్నం పరిచి, మూత అంచుకు పిండి మెత్తి, దమ్ మీద ఉడికించేది. దాన్ని ఆర్డరు వచ్చాక ప్లేటు ప్లేటుగా చేయడం కుదరదు. మరి డజను బిర్యానీలు ఎక్కణ్నుంచి వస్తాయి? అండాలో అన్నం ఒక్కటే. పైన పెట్టే వేపుడును బట్టి పేరు మారుతుంది, పేరును బట్టి రేటు మారుతుంది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అన్నారు పెద్దలు. ఇప్పుడు విస్తరి బదులు మెనూ కార్డు ఎగురుతోంది.

ఇది రుచితో ఆగిపోతే సర్దుకుపోవచ్చు. ఆహార భద్రత నిబంధనల ప్రకారం వేడిగా వడ్డించాల్సిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా, చల్లగా ఉండాల్సింది 5 డిగ్రీలకు మించకుండా ఉంచాలి. వేపుడు నూనెలో, అది పదేపదే కాగినకొద్దీ పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె ఇక వాడకూడదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. రోజుకు ఒకటో రెండో ప్లేట్లు మాత్రమే అమ్ముడయ్యే పదార్థాలు మెనూలో సగం ఉన్నప్పుడు, వాటి ముడిసరుకంతా ఒకే ఫ్రిజ్‌లో కుక్కినప్పుడు, ఈ అంకెలు కాగితం మీదే మిగులుతాయి. 2024లో తెలంగాణ ఆహార భద్రత అధికారులు హైదరాబాద్ హోటళ్లలో వరసగా తనిఖీలు చేస్తే, గడువు తీరిన సరుకు, మూతల్లేని గిన్నెలు, లేబుళ్లు లేని నిలవ పదార్థాలు పదేపదే వార్తలకెక్కాయి. ఆ ఏడాది అక్టోబరులో పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. మయోనైజ్ మన వంట కాదు. మోమోలు, షవర్మాలు మెనూల్లోకి ఎక్కినప్పుడు వాటి వెంట వచ్చిన సరుకు. కొత్త పదార్థం చేర్చడానికి కార్డు మీద ఒక గీత చాలు. దాన్ని పాడవకుండా కాపాడటానికి కావలసిన చోటు, చల్లదనం, తెలిసిన మనిషి మాత్రం ఆ గీతతో రావు.

ఇక వడ్డన సంగతి. సర్వరు మొహం చిట్లించాడనీ, పట్టించుకోలేదనీ అంటాం. అతని చేతిలో పెట్టిన పని ఏమిటో ఎవరూ చూడరు. కార్డులో ఉన్నవాటిలో ఇవాళ ఏవి ఉన్నాయో అతనికి ఎవరూ చెప్పరు. మనం అడిగాక లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి ‘అది లేదు సార్’ అనడమే అతని డ్యూటీలో సగం. చాలాచోట్ల అతను ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో, బిహార్ నుంచో వచ్చిన కుర్రాడు, తెలుగు ఇంకా నేర్చుకుంటున్నాడు. బల్లలు తుడవడం, పార్సిళ్లు కట్టడం కూడా అతని మీదే పడతాయి. వండింది చల్లబడితే తిట్లు అతనికి, మాస్టరు ఆలస్యం చేస్తే తిట్లు అతనికి. అదే మెస్సులో వడ్డించే మనిషిని చూడండి. సాంబారు బకెట్టు, గరిటె, ఎదురుగా ఉన్న విస్తళ్లు. ఎవరి ఆకులో ఏది అయిపోయిందో చూసి అడక్కుండానే మారు వడ్డిస్తాడు. అతనికి ఎవరూ ఎటికెట్ నేర్పలేదు. పని మనిషికి తగ్గట్టుగా ఉంది, అంతే. బిల్లులో సర్వీస్ చార్జీని తప్పనిసరి చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. పదార్థం ధరలోనే వడ్డన కూడా కలిసి ఉందన్నది ఆ మార్గదర్శకాల సారం. కాబట్టి చల్లారిన కూర, పలకని సర్వరు అనే లోపాలు రెండూ ఓనరు ఖాతాలోకే వస్తాయి.

చిన్న హోటల్ బాగుండాలంటే ఏం చేయాలో కనిపెట్టక్కర్లేదు, మన దగ్గరే ఉంది. విజయవాడ బాబాయ్ హోటల్ పేరు చెప్పగానే వెన్న వేసిన ఇడ్లీ గుర్తొస్తుంది. హైదరాబాద్ ఇరానీ హోటళ్లు చాయ్, ఉస్మానియా బిస్కెట్ల మీదే తరాలు నడిచాయి. బెంగళూరు గాంధీబజార్‌లోని విద్యార్థి భవన్ 1943 నుంచి దోసెతోనే జనాన్ని క్యూలో నిలబెడుతోంది. కాకినాడ సుబ్బయ్య హోటల్ ఆకులో ఇన్ని రకాలుంటాయి కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, కానీ అవన్నీ అందరికీ ఒకటే. పొద్దున ఒక్కసారి వండితే ప్రతి ఆకులోకీ వెళతాయి, వండింది వండినట్టు ఖర్చవుతుంది. కాబట్టి వంటగదికి భారమయ్యేది ఆకులో ఎన్ని రకాలున్నాయన్నది కాదు, విడివిడిగా ఎన్ని ఆర్డర్లకు మాటిచ్చామన్నది.

దీనికి హోటల్‌వాళ్ల జవాబు సిద్ధంగా ఉంటుంది. తాతకు ఇడ్లీ, పిల్లలకు నూడుల్స్, కుర్రాళ్లకు బిర్యానీ, ఏది లేదన్నా కుటుంబం మొత్తం పక్క హోటల్‌కు పోతుందంటారు. ఇందులో నిజముంది. కానీ ఆ కుటుంబం కోరింది నాలుగు రకాలు, నూట యాభై కాదు. ఒక హోటల్లో అమ్మకాల లెక్క తీస్తే ఎక్కువ భాగం పాతికలోపు పదార్థాల నుంచే వస్తుందని ఆ ఓనరుకే బాగా తెలుసు. మిగతావి అమ్ముడవడానికి కాదు, కార్డు బరువుగా కనిపించడానికి. ఆ పాతికనే నిలబెట్టుకుంటే ఏ కుటుంబమూ వెళ్లిపోదు. చల్లారిన నూడుల్స్ తిన్న కుటుంబం మాత్రం మళ్లీ రాదు.

రెండో జవాబు డబ్బు. అద్దెలు, జీతాలు, 19 కిలోల కమర్షియల్ సిలిండరు, నూనె ధర. వీటికి తోడు డెలివరీ యాప్‌ల కమీషను, ఆ కమీషను మీద 18 శాతం జీఎస్టీ. 2017 నవంబరు నుంచి మామూలు రెస్టారెంట్లకు పన్ను 5 శాతమే అయినా, కొనుగోళ్ల మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఈ కష్టాలేవీ అబద్ధం కావు. ‘పిండి కొద్దీ రొట్టె, మీరిచ్చే డబ్బుకు ఇంతకన్నా ఏమొస్తుంది’ అన్న మాట ఇక్కణ్నుంచే పుడుతుంది. కానీ ఆ సామెతను ఓనరు తనకూ వర్తింపజేసుకోవాలి. పొడుగాటి మెనూకు టిఫిన్ మాస్టరు, చైనీస్ మాస్టరు, తందూరి మాస్టరు విడివిడిగా కావాలి, పెద్ద ఫ్రిజ్ కావాలి, అమ్ముడుపోని సరుకు నష్టం భరించాలి. డబ్బు లేదంటూనే అంతకన్నా ఖరీదైన పద్ధతిని ఎంచుకోవడం ఏం లెక్క? రోడ్డు పక్క బండి మీద తక్కువ ధరకే వేడివేడి ఇడ్లీ దొరుకుతోందంటే, తక్కువ ధర చెడ్డ వంటకు సాకు కాదనే.

చిన్నవాళ్లనే ఎందుకు అంటారు, స్టార్ హోటళ్లు శుద్ధమా అని ఇంకొందరు అడుగుతారు. కాదు. తనిఖీల్లో పేరున్న హోటళ్లూ పట్టుబడ్డాయి. అయితే పెద్ద హోటల్‌కు తప్పును దాచుకునే అలంకారాలు ఎన్నో ఉంటాయి. చిన్న హోటల్‌కు ఉన్న ఆస్తి వేడి వంట ఒక్కటే. అది పోతే ఏసీ, టీవీ, లామినేషన్ కార్డు ఏవీ దాన్ని కాపాడవు.

అందుకే ఓనర్లు ముందుగా చేయాల్సిన పని కొత్త మాస్టరును వెతకడం కాదు, పెన్ను తీసుకుని మెనూలో కొట్టివేతలు మొదలుపెట్టడం. మన వంతుగా మనం చేయగలిగింది కూడా ఒకటుంది. బల్ల దగ్గర కూర్చోగానే కార్డు పక్కన పెట్టి, ‘ఇవాళ ఏది వేడిగా ఉంది’ అని అడగండి. తడుముకోకుండా జవాబొస్తే అదే తెప్పించుకోండి. ‘అన్నీ ఉన్నాయి సార్’ అంటే మాత్రం, చెప్పులు వేసుకుని పక్క మెస్సుకు నడవండి.