బొడ్డు కోయుటకు తొందరేల?

కాన్పు జరిగిన ఇండ్లను మేము దర్శించునప్పుడు అమ్మమ్మలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "అయ్యగారూ, బిడ్డ పుట్టగానే బొడ్డు కోయకుండ నర్సమ్మ ఎందుకు ఆగింది?" ఆ ఆగుటలో బిడ్డకు గొప్ప మేలున్నది.

బొడ్డుతాడులో మూడు రక్తనాళములున్నవి. రెండు ధమనులు బిడ్డ రక్తమును మాయకు తీసికొనిపోవును. ఒక సిర దానిని ప్రాణవాయువుతో తిరిగి తెచ్చును. వీటిని ముడుచుకొమ్మని చెప్పుటకు తాడులో నరములు దాదాపు లేవు. బిడ్డ ఊపిరి తీయగానే రక్తములో ప్రాణవాయువు పెరుగును. తాడుకు చల్లగాలి తగులును. అప్పుడు నాళపు గోడలోని కండర కణములలోనికి కాల్షియం చేరి వాటిని బిగించును. ధమనులు ముందుగా మూసుకొనును. సిర కొంత ఆలస్యముగా మూసుకొనును. ఈలోగా మాయలోని రక్తము బిడ్డకు చేరును. అందులోని ఇనుము తర్వాతి నెలలలో రక్తహీనత రాకుండ తోడ్పడును.

కనుకనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసము 1 నిమిషము ఆగమని చెప్పుచున్నది. బిడ్డ ఊపిరి తీయనిచో మాత్రము త్వరగా కోయవలసి రావచ్చును. అప్పుడు వైద్యులను అడ్డగింపకుడి.

గర్భిణికిచ్చు కాల్షియం మాత్రలు ఈ నాళముల కొరకు కావు. ఆహారములో కాల్షియం తక్కువైన చోట, రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చు ప్రమాదమును అవి తగ్గించును. ఇనుము మాత్రతో కలిపి వేసికొనరాదు. వేర్వేరు వేళల వేసికొనవలెను. ఆ మాత్రలు డబ్బాలోనే మిగిలిపోకుండ చూడుడని ఇంటి పెద్దలకు మా మనవి.