'సదువు అబ్బలేదు' అనే అబద్ధం

మన వాడల్లో ఒక మాట వాడి వాడి అరిగిపోయింది. "వాడికి సదువు అబ్బలేదు." దొర అన్నాడు, పంతులు అన్నాడు, చివరికి మనమూ మన బిడ్డల్ని అనడం నేర్చుకున్నాం. డబ్బున్న పై కులం పిల్లోడు అక్షరాలు కూడబలుక్కోలేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు, 'డిస్లెక్సియా' అని పేరు రాయించుకొస్తారు. మన పిల్లోడు అట్లనే తడబడితే వాడి కులమే వాడి జబ్బు. "మాదిగోడికి సదువెట్ల వస్తది?"

డిస్లెక్సియా తెలివితక్కువతనం కాదు, చూపు లోపమూ కాదు. నోటి శబ్దానికీ కాగితం మీది అక్షరానికీ ముడి వేసే పని మెదడుకు కష్టమవడం. గుణింతాలు, ఒత్తులు ఎంత దిద్దినా నిలవవు. పెద్దయితే పోయేదీ కాదు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలో ఇట్లాంటి పిల్లోడికి బోర్డింగు స్కూలుంది, మనసున్న బొమ్మల పంతులు దొరికాడు. దేశం కన్నీళ్లు పెట్టుకుంది, మంచిదే. అదే పిల్లోణ్ణి పదేళ్లకు బడి మాన్పించి మిరప తోటకు పంపితే, ముప్పై ఏళ్లకు ఎక్కడుంటాడు?

మా మధ్యనే ఉంటాడు. పాల్వంచ నుంచి భద్రాచలం దాకా, అటు దుమ్ముగూడెం, చర్ల అడవి అంచు దాకా కష్టమంతా చేతుల్దే, చదువుతో పనేముంది అంటారు తెలియనోళ్లు. పని చేతులదే. కూలి మాత్రం కాగితానిది. ఎండాకాలం తునికాకు కోస్తే యాభై ఆకులకొక కట్ట. కల్లం దగ్గర లెక్కబెట్టి కార్డులో రాస్తారు. తొంభై కట్టలిచ్చినోడికి డెబ్బై రాస్తే ఎట్ల పట్టుకుంటడు? మిరప కోతకు పోతే మేస్త్రీ చిట్టా. ఉపాధి పనికి పోతే మస్టరు. పురుగుమందు డబ్బా మీది రాతయితే ప్రాణాల మీది రాత.

బడి మొహం చూడనోడు వేలిముద్ర వేస్తడు, ఎవరూ నవ్వరు. ఏడు దాకా కూచుని చదవలేనోడి బతుకే నరకం. సంతకం పెట్టమంటే కళ్లజోడు మర్చిపోయినంటడు. నమ్మకస్తుడని మేస్త్రీగా పెడతామంటే వద్దంటడు. రాయాల్సి వస్తదని భయం. ఆడోళ్లయితే ఈ సంగతి కట్టుకున్నోడికి కూడా చెప్పరు.

చట్టం లేదా? ఉంది. 1995 చట్టంలో దీని పేరే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దీన్ని చేర్చింది. సర్కారు కొలువుల్లో 4 శాతం ఇచ్చి, అందులో ఒక్క శాతాన్ని ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం ఉన్నవాళ్లతో కలిపి పంచుకోమంది. సర్టిఫికెట్టు కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేళ్లకు మొదలుపెట్టి పద్నాలుగుకు, పద్దెనిమిదికి మళ్లీ పరీక్ష అన్నాయి. అంతా బడి వయసు లెక్కే! బడే వదిలేసినోణ్ణి ఎవరు పరీక్షించాలె? ఆ కొలువుకు కూడా పది పాసు కావాలంటే, పది దాటనియ్యని ఇబ్బందికే రిజర్వేషన్ ఇచ్చి పదో తరగతి గడప దగ్గర నిలబెట్టినట్టు. ఉద్యోగికి తగిన సర్దుబాటు చేయాలని కూడా రాసుంది. కల్లంలో కూలోడికి ఆఫీసేది, సర్దుబాటు ఎవరిని అడగాలె?

ఒక జాగ్రత్త. చదవలేని ప్రతి దళితుడికీ డిస్లెక్సియా అంటగడితే మేం ఒప్పుకోం. మా అమ్మలకు, అయ్యలకు మెదడులో ఇబ్బంది లేదు, బడి గడపే తొక్కనియ్యలేదు. ఇంట్లో కోయ మాట్లాడే బిడ్డకు బడిలో తెలుగు పెట్టి, చదవలేదని ముద్ర వేయడం ఇంకో దుర్మార్గం. ఏది ఏదో తేల్చే మనిషి కావాలె. భద్రాచలం ఆసుపత్రిలో పెద్దోళ్లకు కూడా, తెలుగులో, కోయలో పరీక్ష చేయాలని అడుగుతున్నాం.

అది వచ్చేదాకా ఆగనక్కర లేదు. వచ్చే తునికాకు సీజనులోగా మన సంఘాలు ఒకటి పట్టుబట్టాలె: కార్డులో రాసిన అంకెను కూలోడి ముందే, పదిమంది వినేటట్టు పైకి చదవాలె. తర్వాతే కట్టలు కల్లంలో దించుదాం.