దుకాణంలో దొరకని యుద్ధవిమానాలు

పిల్లలూ! ఈ నెల మనం విమానాల దుకాణానికి పోయివద్దాం. అమ్మో, విమానం కొనాలంటే ఎంత డబ్బు కావాలో అని కంగారుపడకండి. ఇవి రేడియోతో నడిచే నమూనా విమానాలు. చేతిలో ఒక పెట్టె పట్టుకుని నేల మీద నిలబడితే చాలు, విమానం మన తల మీద గిరికీలు కొడుతుంది.

దుకాణంలో అరల నిండా యుద్ధవిమానాలే! ఇంగ్లండు వారి స్పిట్‌ఫైర్, అమెరికా వారి మస్టాంగ్, జర్మనీ వారి ఫోకెవుల్ఫ్ 190. ఏ దేశంలో ఏ దుకాణానికి పోయినా ఇవే కనిపిస్తాయి. "మన మారుత్ ఉందా అండీ?" అని అడిగి చూడండి. దుకాణదారు తల అడ్డంగా ఊపుతాడు. "లైసాండర్? వాపిటి?" అంటే, అవేమిటని ఆయనే మిమ్మల్ని అడిగినా అడుగుతాడు.

నమూనా విమానాల సరదా ఉన్నవారు ఎక్కడ నలుగురు కలిసినా చివరకు ఈ మాటే వస్తుంది. "ఫలానా విమానం ఎవరైనా తయారుచేసి అమ్మితే ఎంత బాగుండును!" మరి ఎందుకు చేయరు? కంపెనీల వారికి ఇష్టం లేకనా, చేతకాకనా? ఆ సంగతే ఇప్పుడు చూద్దాం.

ముందు ఇవి ఎలా నడుస్తాయో తెలుసుకోవాలి. తీగ లేకుండా దూరం నుంచి ఒక వస్తువును నడపవచ్చునని 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో చేసి చూపించాడు. ఆయన నడిపింది చిన్న పడవను. 1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే అన్నదమ్ములు 'బిగ్ గఫ్' అనే నమూనా విమానాన్ని రేడియోతో ఎగురవేశారు. అది ఇప్పటికీ స్మిత్సోనియన్ సంస్థ వారి సంగ్రహంలో భద్రంగా ఉన్నది.

మన చేతిలోని పెట్టె రేడియో తరంగాలను పంపుతుంది. విమానంలోని గ్రాహకం వాటిని అందుకుని 'సర్వో' అనే చిన్న యంత్రాలకు చెబుతుంది. సర్వో అంటే అగ్గిపెట్టె అంత మోటారు, దానికొక చిన్న చేయి. ఆ చేయి సన్నని కమ్మీతో రెక్క చివరి పలకనో, తోక మీది చుక్కానినో లాగుతుంది. ఎంత లాగాలో దానికెలా తెలుసు? సెకండులో 1000వ వంతును మిల్లీసెకండు అంటారు. ఒక మిల్లీసెకండు పొడుగున సంకేతం వస్తే చేయి ఒక కొసకు పోతుంది. రెండు మిల్లీసెకండ్లు ఉంటే రెండో కొసకు పోతుంది. ఒకటిన్నర ఉంటే నడిమిన నిలుస్తుంది. ఇటువంటి సంకేతం సెకండుకు సుమారు 50 సార్లు వస్తూ ఉంటుంది. అందుకే మన వేలు కదిలీ కదలకముందే అక్కడ విమానం ఒరుగుతుంది!

ఇంతవరకూ అన్ని విమానాలకూ ఒకటే. చిక్కు వచ్చేది ఆకారం దగ్గర, బరువు దగ్గర. మన మారుత్‌నే తీసుకుని ఒక లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

నిజమైన మారుత్ పొడవు 15.87 మీటర్లు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 9 మీటర్లు. రెక్కల వైశాల్యం సుమారు 28 చదరపు మీటర్లు. ఇంధనంతో సహా బరువు సుమారు 9,000 కిలోలు. దీనిని పదోవంతుకు తగ్గిస్తే పొడవు 1.59 మీటర్లు, రెక్కల కొలత 90 సెంటీమీటర్లు అవుతాయి. వైశాల్యం పదోవంతే అవుతుందనుకున్నారా? కాదు! పొడవూ తగ్గింది, వెడల్పూ తగ్గింది గనుక వందోవంతు, అంటే 0.28 చదరపు మీటరు అవుతుంది. ఇక బరువు? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి గనుక వెయ్యోవంతు, అంటే 9 కిలోలు.

సరే, 9 కిలోల నమూనా చేశామనుకోండి. అది ఎగురుతుందా? ఎగురుతుంది గాని చాలా వేగంగా పోతేనే ఎగురుతుంది. రెక్క మీద పడే బరువు 4 రెట్లయితే విమానం పడిపోకుండా ఉండడానికి 2 రెట్ల వేగం కావాలి. 9 రెట్లయితే 3 రెట్ల వేగం కావాలి. అదే నమూనాను తేలికైన ఫోమ్‌తో 2 కిలోలకు దించితే సగం కన్న తక్కువ వేగంతోనే మెల్లగా నేలకు దిగుతుంది. పొరపాటున ఎవరికైనా తగిలిందా, బరువైన దాని దెబ్బ తేలికదాని దెబ్బకు ఇరవై రెట్లు! అందుకే నమూనా చేసేవారికి ప్రతి గ్రాము తోనూ పోట్లాటే.

మారుత్‌తో ఇంకొక తంటా కూడా ఉన్నది. ధ్వనివేగానికి దగ్గరగా పోయేటప్పుడు గాలి అడ్డు తగ్గాలని దాని నడుమును సన్నగా, సీసా మెడలాగా నొక్కి పెట్టారు. నిజం విమానంలో పక్కపక్కనే రెండు జెట్ ఇంజనులు. నమూనాలో వాటి స్థానంలో గొట్టంలో తిరిగే విద్యుత్తు పంకా పెట్టాలి. పంకాకు గాలి బాగా కావాలి, కాని ఈ విమానం ముక్కుకు ఇరువైపులా ఉన్న రంధ్రాలు చిన్నవి. అందుచేత ఇటువంటి నమూనాలు చేసేవారు పైకి కనిపించకుండా పొట్ట కింద దొంగ కన్నాలు పెడతారు. పంకా, బ్యాటరీ, సర్వోలు అన్నీ ఆ సన్నని నడుములో ఇమిడించాలంటే మాటలా?

ఇంత కష్టమైనా చేయగల నేర్పరులు ఉన్నారు. మరి అడ్డం ఏమిటి? డబ్బు. ఫోమ్ విమానాన్ని పోత పోయాలంటే ముందు లోహపు అచ్చు చేయించాలి. ఆ అచ్చుకే బోలెడు ఖర్చు. పది విమానాలు అమ్మినా, పదివేలు అమ్మినా అచ్చు ఖర్చు ఒకటే. కనుక వేలకు వేలు అమ్ముడుపోయే విమానమే కంపెనీవారికి గిట్టుతుంది. జనం కొనేది తమకు తెలిసిన దానినే. స్పిట్‌ఫైర్లు 20,000కు పైగా తయారయ్యాయి. మస్టాంగ్‌లు 15,000కు పైగా తయారయ్యాయి. సినిమాలలో కనిపించాయి, పుస్తకాలలోకి ఎక్కాయి. మారుత్‌లు అన్నీ కలిపి 147 మాత్రమే.

ఇక్కడొక విచిత్రం చెప్పనా? ప్రతి దుకాణంలోనూ దొరికే ఫోకెవుల్ఫ్ 190నీ, ఎక్కడా దొరకని మారుత్‌నీ గీసినవాడు ఒక్కడే! ఆయన పేరు కుర్ట్ టాంక్. జర్మనీ ఇంజనీరు. 1956లో బెంగుళూరులోని హిందుస్థాన్ విమాన కర్మాగారానికి వచ్చి మన ఇంజనీర్లతో కలిసి మారుత్‌ను రూపొందించాడు. వారు కూడా ముందు నమూనాయే చేశారు సుమా! నిజం విమానమంత కర్ర విమానాన్ని ఇంజను లేకుండా చేసి, 1959లో డకోటా విమానం వెనుక తాడుతో కట్టి పైకి లాగించి, వదిలిపెట్టి పరీక్షించారు. 1961 జూన్ 17న అసలు మారుత్‌ను సురంజన్ దాస్ అనే వైమానికుడు తొలిసారి ఎగురవేశాడు. దానికి కావలసినంత బలమైన ఇంజను మాత్రం దొరకలేదు. అందుచేత అనుకున్నంత వేగం అందుకోలేకపోయింది. బలం పెంచిన ఇంజనుతో పరీక్షిస్తుండగా 1970లో విమానం కూలి సురంజన్ దాస్ మరణించాడు. 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు మారుత్‌లు పనిచేశాయి. 1990 నాటికి వాటికి విశ్రాంతి ఇచ్చేశారు. బెంగుళూరులో హెచ్.ఏ.ఎల్. వారి మ్యూజియానికి పోతే ఒక మారుత్‌ను ఇప్పుడు కూడా చూడవచ్చు.

కోరికల పట్టికలో ఇంకా ఏమున్నాయో చూడండి. 1933 ఏప్రిల్ 1న కరాచీలో మన వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ ఏర్పడినప్పుడు దానికి ఉన్నవి నాలుగే నాలుగు వాపిటి విమానాలు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, నడుమ కర్రలు, తీగలు. ఆ తరువాత లైసాండర్ వచ్చింది. పొట్టి మైదానాలలో కూడా దిగగల విమానం అది. సైన్యానికి పైనుంచి కబుర్లు చూసి చెప్పడం దాని పని. 1942లో బర్మాలో మజుందార్ అనే వైమానికుడి నాయకత్వాన మనవారు వాటికే బాంబులు తగిలించి యుద్ధానికి దిగారు.

హైదరాబాదుకు చుట్టమైన విమానం కూడా ఒకటి ఉన్నది. పేరు డి.హెచ్. 9ఏ. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిషు వారు 110వ స్క్వాడ్రన్‌కు ఈ విమానాలు సమకూర్చారు. అందుచేత ఆ దళానికి 'హైదరాబాదు స్క్వాడ్రన్' అని పేరు వచ్చింది. ప్రతి విమానం మీద అది నిజాం కానుక అని రాశారు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, నవంబరులో యుద్ధం ముగిసేలోపుగా అందులో పదికి పైగా విమానాలు శత్రువు చేతిలో పోయాయి. వాటిలో ఒకటి జర్మనీలో దిగవలసివచ్చింది, అందులోని ఇద్దరూ పట్టుబడ్డారు. ఆ విమానం బెర్లిను మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధకాలంలో పోలండు చేరి, చివరకు 1977లో లండనులోని వైమానిక దళ మ్యూజియానికి వచ్చింది. దాని కోసం ఆ మ్యూజియం వారు పోలండు వారికి ఏమిచ్చారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్! చూశారా, అందరూ ఎరిగిన విమానాన్ని ఇచ్చి, అందరూ మరిచిన విమానాన్ని తెచ్చుకున్నారు. అరుదైన దాని విలువ ఎరిగినవారు అట్లా చేస్తారు.

మరి దుకాణంలో దొరకని విమానం కావాలంటే ఎలా? సరదా గలవారికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది రంగు మార్చడం. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాదు పేరే. దాని చిహ్నం నిజాం తలపాగా. 1940లో ఇంగ్లండును కాపాడిన యుద్ధంలో అది స్పిట్‌ఫైర్లు నడిపింది. వాటి ప్రక్కన 'యు', 'ఎం' అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండేవి. దుకాణంలో కొన్న స్పిట్‌ఫైర్ మీద ఆ అక్షరాలు దిద్దితే అదే హైదరాబాదు స్పిట్‌ఫైర్! రెండో దారి సొంతంగా చేసుకోవడం. పాత ఫోటోలు, కొలతలు సంపాదించి, పటం గీసి, బాల్సా కర్ర కోసి, జిగురు పెట్టి నెలల తరబడి కూర్చుంటారు. కంపెనీ అచ్చు కోసం ఎదురుచూడరు.

"యుద్ధవిమానాల మీద ఈ మోజేమిటి? అవి మనుషులను చంపేవి కదా!" అని మీ అమ్మ అడగవచ్చు. అడగవలసిన మాటే. నిజాం కానుక విమానాలు జర్మనీ ఊళ్ల మీద బాంబులు వేశాయి. ఆ ఊళ్లలో కూడా మీవంటి పిల్లలు ఉన్నారు. నమూనా చేసేవాడు రెక్క కొలతతోపాటు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి. అది ఏ యుద్ధంలో ఎవరి మీద ఎగిరింది, ఎవరు తిరిగి రాలేదు అన్నది తెలిసినప్పుడే ఆ నమూనా పూర్తయినట్టు. సురంజన్ దాస్ పేరు తెలియకుండా మారుత్ చేసి ఏం లాభం?

ఇక పని మీది. కోరికల పట్టికలోంచి మీకు నచ్చిన విమానం ఒకటి ఎంచుకోండి. దాని పొడవు, రెక్కల కొలత కనుక్కుని, పదోవంతుకు ఎంతో, ఇరవయ్యోవంతుకు ఎంతో లెక్క కట్టండి. తరువాత దళసరి అట్టతో చిన్న గ్లైడరు కత్తిరించండి. మొదటిసారికి తిన్నని రెక్కలే పెట్టుకోండి. రెక్క ముందు అంచు నుంచి నాలుగో వంతు దూరంలో, అటూ ఇటూ రెండు వేళ్ల మీద నిలపండి. తోక కిందికి వాలితే ముక్కుకు గుండుసూదో, కాగితపు క్లిప్పో తగిలించండి. సమంగా నిలిచేవరకు తూకం సరిచేసి, మెల్లగా విసరండి. లక్షలు పోసి కొన్న నమూనాకు కూడా తొలి పరీక్ష ఇదే.

పెద్దయ్యాక రేడియో విమానం ఎగురవేయాలనుకుంటే తెలిసిన పెద్దవారిని వెంటబెట్టుకుని, మనుషులు లేని మైదానానికి పోవాలి. 2021లో మన ప్రభుత్వం చేసిన డ్రోన్ నియమాలు ఇటువంటి నమూనాలకు కూడా వర్తిస్తాయి. విమానాశ్రయాల చుట్టుపక్కల అనుమతి లేనిదే ఎగురవేయకూడదు.

మారుత్ నమూనాకు అచ్చు చేయించే కంపెనీ ఎప్పుడు వస్తుందో ఎవరు చెప్పగలరు! మీ అట్ట మారుత్‌కు మాత్రం కత్తెర, జిగురు, ఒక ఆదివారం ఉంటే చాలు.