ఎక్స్‌ట్రాలు

మొన్న మా అన్నయ్య ఇంట్లో పెళ్లిచూపులయ్యాయి. పెళ్లికొడుకు తల్లిగారు కాఫీ చల్లార్చుకుంటూ, "మేం ఎక్స్‌ట్రాగా ఏమీ అడగటం లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేవే కదా" అన్నారు. ఆ పెట్టుకునేవేమిటో తరవాత ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. కారు, ఆడపడుచు లాంఛనాలు, పెళ్లి వాళ్లు చెప్పిన హాల్లోనే. అన్నిటికీ అన్నయ్య తలూపాడు. అప్పుడు మా మేనకోడలు, "అబ్బాయి బెంగుళూరు వదిలి రారంటున్నారు కదా, మరి ఇక్కడ నా ఉద్యోగం సంగతేమిటండీ?" అని అడిగింది. మెల్లిగానే అడిగింది పాపం. వాళ్లు గుమ్మం దాటారో లేదో అన్నయ్య విరుచుకుపడ్డాడు. "పెద్దవాళ్ల ముందు ఆ ఎక్స్‌ట్రాలేమిటే?"

చూశారా! ఒకే గది, ఒకే గంట, ఒకే మాట. కారు ఎక్స్‌ట్రా కాదట, పిల్ల ఉద్యోగం ఎక్స్‌ట్రా అట. కట్నం అడిగినా, ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమని 1961లోనే చట్టం చేశారు. ఆ గదిలో హద్దు దాటిన మాట ఏదో చెప్పడానికి ప్లీడరు కావాలా?

ఇంతకీ ఈ మాట ఎక్కణ్ణించి వచ్చిందంటారు? లాటిన్‌లో 'ఎక్స్‌ట్రా' అంటే బయట, ఆవల అని. ఇంగ్లీషువాళ్లు దాన్ని విశేషణంగా వాడుతూ మామూలుకు మించినదీ, అదనమైనదీ అన్న అర్థం ఇచ్చారు. 'ఎక్స్‌ట్రార్డినరీ' అనే పెద్ద మాటను కత్తిరించగా మిగిలిన ముక్క కావచ్చునని నిఘంటువులు చెబుతాయి. అంటే పుట్టుకలో మెచ్చుకోలే ఉందన్నమాట. మనం ఏం చేశాం? దానికి 'లు' తగిలించి బహువచనం చేసి, ఆడపిల్ల నోటికి తాళంగా వేశాం. ఎక్స్‌ట్రాలు చెయ్యకు, ఎక్స్‌ట్రాలు మాట్లాడకు. హోటల్లో ఎక్స్‌ట్రా చట్నీ అడిగితే సర్వరు నవ్వుతూ తెచ్చి పోస్తాడు. ఇంట్లో ఎక్స్‌ట్రా ప్రశ్న అడిగితే మాత్రం కొంప మునుగుతుంది. ఈ మధ్య ఇంగ్లీషు కుర్రకారు కూడా అతి చేసేవాళ్లని 'ఎక్స్‌ట్రా' అంటున్నారట. మా చిన్నప్పటినుంచీ వింటున్న తిట్టే కదమ్మా అది!

మాటకు మాట తెలుగులో లేకనా? అతి, అదనం, మిగులు ఉన్నాయి. అన్నిటికంటే ముద్దొచ్చేది కొసరు. కూరలమ్మి తూకం అయ్యాక గుప్పెడు కొత్తిమీర వేస్తుందే, అది. కొసరి కొసరి వడ్డించడం అన్నామంటే అందులో ఎంత ఆప్యాయత! అదే ఆడది తన కోసం రవ్వంత కొసరు అడిగిందా, అది ఎక్స్‌ట్రా అయి కూర్చుంటుంది.

క్రికెట్టులోనూ ఎక్స్‌ట్రాలున్నాయి. మా వారి పుణ్యమా అని ఆ మాత్రం తెలుసుకున్నాను. వైడ్లు, నోబాల్సు, బైలు, లెగ్‌బైలు. బ్యాటు తగలకుండా వచ్చిన ఆ పరుగులు జట్టు లెక్కలో చేరతాయి గానీ ఏ ఆటగాడి పేరునా పడవు. సరిగ్గా మన ఇంటిపని! 2024లో కేంద్రం చేయించిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలట. (అందులో మా వారివి ఎన్నో నేను చెప్పను.) 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలని రాసింది. రాత్రి పదింటికి చుట్టాలొస్తే మళ్లీ ఎసరు పెట్టేదానికి ఏ చట్టం ఏం రాసింది? ఆ పనిని ఎక్స్‌ట్రా అని ఎవరూ అనరే!

నేనేమో పత్తిత్తునని చెప్పబోవటం లేదు. పోయిన దసరాకి మా ఇంట్లో పదిమంది చుట్టాలు దిగారు. గిన్నెలు రెట్టింపయ్యాయి. పనమ్మాయి రెండొందలు ఎక్కువ అడిగితే, "దీనికి ఈ మధ్య ఎక్స్‌ట్రాలు ఎక్కువయ్యాయి" అని పక్కింటి పిన్నిగారితో అన్నాను. నోరు జారి కాదు, నిండుగా అన్నాను. గిన్నెలు ఎక్స్‌ట్రా అన్న సంగతి ఆ క్షణాన తోచలేదు. ఆ రెండొందలూ మొన్న పెళ్లిచూపుల నుంచి వచ్చాకే ఇచ్చాను. ఆమె ఎందుకని కూడా అడగలేదు, కొంగున ముడేసుకుంది.

నిన్న అబ్బాయివాళ్లు ఫోను చేశారు. "అమ్మాయి ఉద్యోగం సంగతి ముందు తేల్చండి" అని నేనే అందుకుని అడిగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. తరవాత, "ఇంట్లో అనుకుని చెబుతాం" అన్నారావిడ. అన్నయ్య నా చేతిలో ఫోను లాక్కుని, "నువ్వు కూడా మొదలుపెట్టావా?" అన్నాడు. మేనకోడలు లోపల్నించి రెండు కాఫీలు తెచ్చింది. ఒకటి నాకు, ఒకటి తనకు.