క్రీడాకథయందు నిర్ణయమెవ్వరిది?

షికాగోలోని నెదర్‌రెల్మ్ సంస్థ నిర్మింపగా 2013లో వెలువడిన ‘ఇన్‌జస్టిస్: గాడ్స్ అమాంగ్ అస్’ అతిమానుష వీరుల ద్వంద్వయుద్ధములతో కూడిన వీడియో క్రీడ. జోకర్ పన్నిన మాయకు లోబడి సూపర్‌మాన్ గర్భవతియైన లోయిస్‌ను తన చేతులతోనే చంపుకొనును. ఆ శోకమే క్రోధమై జోకర్‌ను వధింపజేయును. క్రోధము నిరంకుశాధికారముగా పరిణమించును. బ్యాట్‌మాన్ అతని నెదిరించును. దుష్టుని వధించుట ధర్మమా యను ప్రశ్నయే ఈ కథకు ప్రాణము.

ఇందలి ప్రధానగుణము పాత్రౌచిత్యము. యుద్ధరంగమునందలి కారును బలశాలి యెత్తి విసరును. అంతటి బలము లేనివాడు దానికి బాంబు నమర్చును, లేదా దానిని ఊతగా గొని దుముకును. పాత్రస్వభావము చేష్టయందే వ్యక్తమగుచున్నది.

లోపము కథాభాగమున నున్నది. ఆడువాడు ఓడినచో ఆ పోరునే మరల సల్పవలెను. గెలిచినచో ముందుగా నిర్ణయింపబడిన కథయే సాగును. చేయి వానిది, తీర్పు రచయితది. 2017లో వెలువడిన రెండవ భాగము తుదిఘట్టమున బ్యాట్‌మాన్, సూపర్‌మాన్‌లలో నొకరి నెన్నుకొను స్వేచ్ఛ నొసగి ఈ కొరతను కొంత తీర్చినది.

కథ వినువానికి లేని బాధ్యత ఆడువానికి కలదు. ధర్మసంశయమును లేవనెత్తియు దానిని తేల్చు భారమును అతని కప్పగింపని క్రీడ, ఎంత రమ్యమైనను, చూచెడి కథగానే మిగులునని మా అభిప్రాయము.