లాఠీతో రాదు గౌరవం

హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో పోలీసు కొలువు కోసం చదివేవాళ్లకు కొదవ లేదు. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకాలతో కుస్తీ, తెల్లవారుజామున ఈవెంట్స్ కోసం 1600 మీటర్ల పరుగు సాధన. ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులకే కాదు, గ్రూప్‌-1లో డీఎస్పీ పోస్టుకూ ఇక్కడే ఏళ్ల తరబడి తపస్సు చేస్తారు. 2024 అక్టోబరులో ఆ గల్లీల మీదే లాఠీలు లేచాయి. గ్రూప్‌-1 మెయిన్స్ ఎంపిక నిబంధనలు మార్చిన జీవో 29ని రద్దు చేయాలని, మెయిన్స్ వాయిదా వేయాలని రోడ్డెక్కిన అభ్యర్థులను పోలీసులు తరిమికొట్టారు. దొరికినవాళ్లను ఈడ్చుకెళ్లి వ్యాన్లలో కుక్కారు. రేపు ఖాకీ తొడగాలనుకున్నవాళ్లకు ఆ ఖాకీ నేర్పిన పాఠం అది.

పోలీసు మీద ద్వేషం పుట్టుకతో రాదు, నేర్పితేనే వస్తుంది. అన్నం తినకపోతే పోలీసుకు పట్టిస్తానని అమ్మ బెదిరించినప్పుడే పిల్లాడి మనసులో భయం నాటుకుంటుంది. వాడే పెద్దయ్యాక బండి పోయిందని ఫిర్యాదుకు వెళ్తాడు. ‘ఏంట్రా’ అనే పలకరింపు, ‘మా పరిధి కాదు పో’ అనే కసురు ఆ భయాన్ని కసిగా మారుస్తాయి.

పోలీసు మీద ద్వేషం నేర్పే ఈ పాఠం కొత్తదేమీ కాదు. అశోక్‌నగర్‌కు దగ్గర్లోని నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో 1978 మార్చిలో ఒక మహిళపై పోలీసులే అత్యాచారం చేశారని, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారని తెలిసి హైదరాబాద్ భగ్గుమంది. నిరసనకారులపై కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు మాత్రం రాయచూరు కోర్టుకు మారింది. 1981లో నిందితులంతా నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ తప్పుపట్టినవాళ్లు శిక్ష లేకుండా ఇంటికెళ్తే జనం ఏం నేర్చుకుంటారు?

అంతకంటే పెద్ద తప్పు పాలకులది. దోమలగూడలో ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్‌ను 2017లో టీఆర్‌ఎస్ ప్రభుత్వం మూయించింది. 2018లో హైకోర్టు జోక్యం చేసుకుంటే తప్ప అది తెరుచుకోలేదు. 2021 నవంబరులో ధాన్యం కొనుగోళ్ల కోసం అదే ప్రభుత్వ ముఖ్యమంత్రి కేసీఆర్ మంత్రులతో సహా ఆ చౌక్‌లోనే ధర్నాకు కూర్చున్నారు. 2023 ఎన్నికల ముందు అశోక్‌నగర్ నిరుద్యోగుల మధ్య కూర్చొని హామీలు గుప్పించిన కాంగ్రెస్, ఏడాది తిరక్కుండానే వాళ్ల మీదికి పోలీసులను పంపింది. ఆదేశమిచ్చిన నాయకుడు ఆ వీధిలో కనిపించడు. లాఠీ ఎత్తిన కానిస్టేబుల్ ముఖం మాత్రం దెబ్బతిన్నవాడికి జీవితాంతం గుర్తుంటుంది.

ఆ కానిస్టేబుల్ బతుకైనా బాగుందా అంటే అదీ లేదు. అదే అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను చంకనేసుకుని రోడ్డెక్కారు. రోజుల తరబడి ఇంటికి దూరంగా ఉంచే డ్యూటీలు వద్దని, పోలీసులందరికీ ఒకే తీరు నిబంధనలుండే ఏక్ పోలీస్ విధానం కావాలని మొరపెట్టుకున్నారు. ప్రభుత్వం 39 మంది బెటాలియన్ సిబ్బందిని సస్పెండ్ చేసింది, 10 మందిని ఏకంగా ఉద్యోగంలోంచి తీసేసింది. తన గోడు వినేవాళ్లు లేని మనిషి ఎదుటివాడి గోడు ఓపిగ్గా వింటాడని ఎలా ఆశిస్తాం?

గౌరవించాల్సినవాళ్లు పోలీసుల్లో ఎందరో ఉన్నారు. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల చేతిలో పది మంది సీఆర్పీఎఫ్ జవాన్లు నేలకొరిగిన అక్టోబరు 21నే ఏటా అమరవీరులను స్మరించుకుంటున్నాం. 1993 జనవరి 27న ఎల్బీ స్టేడియంలో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను, 1999 సెప్టెంబరు 4న ఎస్సార్‌నగర్ కూడలిలో మరో ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను నక్సలైట్లు కాల్చి చంపారు. వాళ్లు కూడా ఖాకీ తొడుక్కున్నవాళ్లే. ఖాకీ కనిపిస్తే చాలు అసహ్యించుకోవడం ఆ త్యాగాలకు ద్రోహం.

అలాగని చప్పట్లన్నీ గౌరవం కావు. 2019 నవంబరు 30న షాద్‌నగర్ స్టేషన్ ముందు జనం పోలీసుల మీదికి చెప్పులు విసిరారు. అత్యాచారానికి, హత్యకు గురైన పశువైద్యురాలు దిశ అదృశ్యమైందన్న ఫిర్యాదు నమోదులో జాప్యం చేసిన ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. వారం తిరక్కుండా డిసెంబరు 6న నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోగానే అదే పోలీసుల మీద పూలవాన కురిసింది. ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. చెప్పులు విసిరిన ఆవేశానికీ పూలు చల్లిన ఆవేశానికీ చట్టంతో పనిలేదు. ఫిర్యాదును ఆ రాత్రే నమోదు చేసి పరుగెత్తి ఉంటే, జనం నిజంగా దండం పెట్టేవారు.

మార్గం తెలియక కాదు. పోలీసు అధికారులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి వేరుచేయాలని, ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలని 2020 డిసెంబరులో చెప్పింది. పోలీసులను తమ గుప్పిట్లోంచి వదులుకోవడం ఇష్టంలేకే ప్రభుత్వాలు వీటిని సగంసగంగా అమలు చేస్తున్నాయి.

రాష్ట్ర ప్రభుత్వం ఈ ఆదేశాలను తు.చ. తప్పకుండా అమలు చేయాలి. శాంతియుతంగా నిరసన తెలిపేవాళ్లపై లాఠీ ఎత్తించడం మానాలి, బెటాలియన్ కుటుంబాలు అడిగిన పనివేళలు, సెలవుల లెక్క తేల్చాలి. తల్లిదండ్రులు కూడా పిల్లలకు పోలీసును బూచిగా చూపడం ఆపి, ఆపదలో 112కు ఫోన్ చేయడం నేర్పాలి.