మైనరు పేర రాసిన మతం

మొన్న మా మనవణ్ణి బడిలో చేర్పించడానికి ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతూ కూర్చున్నాను. వాడికి నాలుగేళ్ళు. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు అయ్యాయి. తరువాతి గడి "మతం". హిందూ, క్రైస్తవ, ముస్లిం, ఇతరులు అని నాలుగే ఉన్నాయి. ఖాళీగా వదిలేద్దామంటే పేజీ ముందుకు కదలదు. బడికి ఫోన్ చేస్తే గుమాస్తా తమిళంలో తేలిగ్గా చెప్పేశాడు: "తండ్రిది ఏదైతే అదే వేసేయండి సార్, దీనికింత ఆలోచన ఎందుకు?"

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. బిల్లు మీద సంతకం పెట్టినవాడికి ఆ అధికారం ఉందా లేదా అని చూడటమే జీవితమంతా నా పని. అలవాటు కొద్దీ ఇక్కడా అదే ప్రశ్న వచ్చింది. ఈ గడి నింపే అధికారం ఎవరిది?

మా ఇంటి పరిస్థితి కూడా చెప్పాలి. అల్లుడిది పుదుచ్చేరి తమిళ క్యాథలిక్ కుటుంబం. మా ఆవిడ శ్రావణ శుక్రవారం తప్పనిది. నేను నాస్తికుణ్ణి. పిల్లవాడు పుట్టిన నెలకే వియ్యపురాలు జ్ఞానస్నానం ఎప్పుడన్నారు. మా ఆవిడ పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయిద్దామంది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరిదీ ప్రేమే. పాలు తాగే ఆ బిడ్డను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పలేడు కదా అంటారా? నేననేదీ అదే. చెప్పలేనివాడి పేరు మీద మనమెందుకు చెప్పేస్తున్నాం?

నేను చదివింది బి.కాం. వాణిజ్య చట్టంలో మాకు నేర్పిన మొదటి కేసుల్లో ఒకటి మొహొరీ బీబీ కేసు. కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే మైనరు ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నాడు. ఆ పత్రం మొదటి నుంచీ చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మైనరుతో ఒప్పందమే లేదు.

"తండ్రి సంరక్షకుడు, ఆయన సంతకం చెల్లుతుంది" అనవచ్చు. సరే, ఎంతవరకు చెల్లుతుందో చూద్దాం. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ తీయండి. కొడుకు పేరున ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా తండ్రి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. మేజరయిన తరువాత ఏడాదికి మించి నడిచే కౌలుకు కూడా ఇవ్వకూడదు. రెండు సెంట్ల స్థలానికి ఇంత కాపలా ఉంది. ఆ పిల్లవాడి బుర్రను మాత్రం జీవితకాలం కౌలుకు రాసివ్వవచ్చు, ఏ కోర్టూ అడగదు!

ఇంకో చట్టం చూడండి. 1932 నాటి భాగస్వామ్య చట్టం 30వ సెక్షన్ ప్రకారం మైనరును వ్యాపారంలో లాభాలకు మాత్రమే చేర్చుకోవచ్చు. అప్పులకు అతను స్వయంగా బాధ్యుడు కాడు. మేజరయ్యాక అతనికి ఆరు నెలల గడువు ఉంటుంది. ఉంటాడో పోతాడో ఆ లోగా బహిరంగంగా చెప్పాలి. కిరాణా కొట్టు భాగస్వామ్యంలో కుర్రవాడికి ఇచ్చిన ఈ ఆరు నెలలు ఏ మతం ఇచ్చింది? పద్దెనిమిదో పుట్టినరోజున ఏ పూజారి, ఏ పాస్టరు, ఏ మౌల్వీ వచ్చి "బాబూ, ఉంటావా, వెళ్తావా? ఏదైనా మాకు సమ్మతమే" అని అడిగాడు?

రాజ్యాంగం 28(3) అధికరణ చదవండి. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకో ప్రార్థనకో కూర్చోబెట్టకూడదు. మంచి మాట. కానీ విద్యార్థి మైనరయితే సమ్మతి ఎవరిదట? సంరక్షకుడిది. పదిహేడేళ్ళ అమ్మాయి నాకు వద్దన్నా లెక్కలోకి రాదు.

ఇది సాధ్యం కాని కోరిక అనేవారు జర్మనీని చూడండి. అక్కడ 1921లోనే చట్టం చేశారు. పన్నెండేళ్ళు నిండిన బిడ్డను ఇష్టం లేకుండా వేరే మతంలో పెంచకూడదు. పద్నాలుగు నిండితే ఏ మతమో, అసలు మతం కావాలో వద్దో బిడ్డే తేల్చుకుంటుంది. ఆ దేశంలో కుటుంబాలేమీ కూలిపోలేదు, చర్చీలూ మూతపడలేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణ కూడా ఆలోచనకు, మతానికి సంబంధించిన స్వేచ్ఛ బిడ్డదే అంటుంది. తల్లిదండ్రులది దారి చూపే పాత్ర, అదీ బిడ్డకు పెరిగే తెలివిని బట్టి. 1992లో భారతదేశం దానికి ఒప్పుకుంది. ఒప్పుకుని అటక మీద పెట్టింది.

మన దగ్గరా కొంత కదలిక ఉంది. బడి పత్రాల్లో కులం, మతం రాయనక్కరలేదని తమిళనాడు ప్రభుత్వం 1973లోనే ఉత్తర్వు ఇచ్చింది. బిడ్డ జనన నమోదులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలుండాలని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు కోసం కోర్టుకెక్కింది తెలుగు తల్లిదండ్రులే.

ఇక ఎప్పుడూ వినే అభ్యంతరం ఒకటుంది. "మాతృభాష బిడ్డను అడిగి నేర్పామా? మతమూ అంతే." అంతే కాదండీ. తెలుగు నేర్చుకున్నవాడు తమిళం నేర్చుకుంటే నరకానికి పోతాడని ఎవరూ బెదిరించరు. మా మనవడు రెండూ మాట్లాడతాడు, ఎవరికీ కోపం లేదు. భాష సత్యం నాదేనని చెప్పదు, మతం చెబుతుంది. "టీకా అడిగి వేయించామా" అంటారు మరికొందరు. టీకా పనిచేస్తుందని రుజువుంది, పోలియోకు మతం లేదు.

"అది మా కుటుంబ హక్కు" అనేవారికి మా ఊరి కథ చెబుతాను. మాది యానాం. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండకుండా పెళ్ళి చేయరాదని 1929లో శారదా చట్టం వచ్చింది. అది బ్రిటిష్ ఇండియాకే. యానాం అప్పుడు ఫ్రెంచివారిది. దాంతో చుట్టుపక్కల పెద్దలు పిల్లల్ని తీసుకొచ్చి మా ఊళ్ళో తాళి కట్టించుకుపోయేవారు. యానాంకు కళ్యాణపురమని పేరొచ్చింది అందుకే. ఆ పెద్దలూ ఇదే అన్నారు: మా బిడ్డ, మా ఇష్టం, వాళ్ళ మేలు కోసమే. ఈ రోజు ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికుంది? పసిబిడ్డకు మొగుణ్ణి నిర్ణయించడం తప్పని ఒప్పుకున్నాం. దేవుణ్ణి నిర్ణయించడం దగ్గర మాత్రం ఇంకా కళ్యాణపురంలోనే ఉన్నాం.

హేతువాద మిత్రులకు రెండు మాటలు. మొదటిది, దళిత కుటుంబానికి "గడి ఖాళీగా వదిలెయ్" అని తేలిగ్గా సలహా ఇవ్వకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును సవరించి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. హిందువులతో పాటు ఈ రెండు మతాలవారికే షెడ్యూల్డ్ కులాల హోదా. ఆ ఇంటి బిడ్డ పెద్దయ్యాక క్రీస్తునో అల్లానో ఎంచుకుంటే రిజర్వేషన్ పోతుంది. ఎంపికకు ఇంత జరిమానా వేసే చట్టాన్ని ముందు ప్రశ్నించాలి, ఆ కుటుంబాన్ని కాదు.

రెండోది నా తప్పు. మా మనవరాలికి పదమూడేళ్ళు. పోయిన క్రిస్మస్‌కు వాళ్ళ నాయనమ్మతో చర్చికెళ్ళి పాటల బృందంలో పాడతానంది. నేను అందరి ముందూ నవ్వుతూ "కన్యకు బిడ్డ ఎలా పుట్టాడో మీ ఫాదర్‌ని అడిగి రా" అన్నాను. పిల్ల ముఖం ఎర్రబడింది, ఏమీ అనలేదు. ఆ తరువాత నెలల తరబడి నాతో చర్చి సంగతే కాదు, బడి సంగతి కూడా చెప్పడం మానేసింది. నా ప్రశ్నలో తప్పు లేదు. కానీ నేను ప్రశ్న అడగలేదు, వెక్కిరించాను. ఆ పిల్ల తరఫున నేనూ ఒక సంతకం పెట్టబోయాను, నాస్తికం గడిలో. చెల్లని సంతకం ఎవరు పెట్టినా చెల్లనిదే.

చివరికి నేనే వెళ్ళి క్షమించమన్నాను. "తాతయ్యా, నేను నమ్మితే నీకు కోపమా?" అని అడిగింది. కోపం లేదు, కానీ ఎందుకు నమ్ముతున్నావని అడుగుతూనే ఉంటాను, నువ్వూ నన్ను ఎందుకు నమ్మవని అడుగు అన్నాను. ఇప్పుడు అడుగుతోంది. నా దగ్గర జవాబు లేనివి కూడా అడుగుతోంది.

పిల్లలకు మతాల గురించి చెప్పొద్దని నేననను. అన్నీ చెప్పండి. గుడి, చర్చి, మసీదు చూపించండి, ఇవేవీ లేకుండా బతికినవారి గురించీ చెప్పండి. గోరా గారు కొడుక్కి ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా లవణం అని పేరు పెట్టారని చెప్పండి. నువ్వు ఫలానా మతం అని మాత్రం చెప్పకండి. ఆ మాట చెప్పాల్సింది వాళ్ళు.

మనవడి దరఖాస్తులో "ఇతరులు" నొక్కి పంపాను. వియ్యపురాలికీ మా ఆవిడకీ ఇద్దరికీ నచ్చలేదు, కాబట్టి న్యాయంగానే ఉందనుకుంటున్నాను. దాంతో పాటు బడికి ఒక చీటీ రాశాను: "ఈ గడి నింపే అధికారం ఈ బాలుడిది. అతను మేజరయ్యాక అడగగలరు." బడి నుంచి జవాబు ఇంకా రాలేదు.